బీచాయనకు మిగిలిన మాట

ఆ వీధిలో అందరూ ఆయన్ని బీచాయన అనేవారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేషనల్ పార్కు బస్సు తోలడం వల్ల వచ్చిన పేరది. టౌను బస్టాండులో జనాన్ని ఎక్కించుకుని, కొండదారి మలుపులన్నీ తిప్పి, అడవి అంచున పార్కు గేటు దగ్గర దించేవాడు. గేటు లోపల అడవి, అడవి దాటాక మెట్లు, మెట్ల కింద బీచి. దానికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. కొత్తగా పెళ్ళయిన జంటలు వెనక సీటు కోసం కొట్లాడుకునేవి. స్కూలు పిల్లలు మలుపుల దగ్గర కిటికీల్లోంచి వాంతులు చేసుకునేవారు. సాయంత్రం అందరూ తడి బట్టలతో, ఎండకు కమిలిన ముక్కులతో తిరిగి ఎక్కేవారు. వాళ్ళ కాళ్ళకు అంటుకొచ్చిన ఇసుకను ఆఖరి ట్రిప్పు అయ్యాక ఆయనే చీపురు పట్టుకుని ఊడ్చేవాడు.

"నేనూడ్చిన ఇసుకంతా పోగేసుంటే మన గుమ్మం ముందే ఇంకో బీచి ఉండేది" అనేవాడు పెళ్ళాంతో.

ఆ బీచిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి ఇంట్లో ఆమెకు తప్ప వీధిలో ఎవరికీ తెలియదు. "బీచాయనా, సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?" అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉంటాయని, ఎడమపక్క రాళ్ళ దగ్గరికి పోవద్దని, కోతులు సంచులు లాక్కుంటాయని. అన్నీ ప్యాసింజర్ల నోటి నుంచి ఏరుకున్న ముక్కలే. పక్కన నిలబడి ఆమె నవ్వు ఆపుకునేది. లోపలికొచ్చాక మాత్రం నిలదీసేది.

"ఊరందరికీ చెప్తారు. మరి నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

"బస్సు తిప్పి పెట్టేసరికే కండక్టరు ఈలేస్తాడే. టైమెక్కడిది? రిటైరయ్యాక తీరిగ్గా చూద్దాంలే."

ఆమె కూడా తీరిక ఉన్న మనిషి కాదు. ముందు గదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. వీధి ఆమెను టైలరమ్మ అనేది. మనిషిని ఓసారి ఎగాదిగా చూసి భుజం కొలత చెప్పగలదని పేరు. చెప్పాక కూడా టేపు పెట్టి చూసుకునేది, అది వేరే విషయం.

ఆయన రిటైరయ్యాడు. తీరిక చిక్కిన కొత్తలోనే ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటూ చేతిలో మగ్గు జారవిడిచాడు. వంగి తీద్దామని చూసి తనే కింద పడ్డాడు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉన్నాక మాట ఒక్కటి తిరిగొచ్చింది. నిజంగానే ఒక్కటి.

"వద్దు."

మంచినీళ్ళు కావాలా అంటే వద్దు. నీ కూతురొచ్చింది చూడు అంటే వద్దు. నీ పేరేంటి అంటే వద్దు. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందని, ఏం చెప్పబోయినా నోటికి ఆ ఒక్క మాటే వస్తుందని డాక్టరు వివరించాడు. అది ఆయన ఏరి పెట్టుకున్న మాట కాదని కూడా చెప్పాడు. తల ఊపించి చూశారు, అవుననడానికీ కాదనడానికీ ఒకేలా ఊపాడు. ఎడమ చేతికి పెన్ను ఇచ్చారు, కాగితం చిరిగేదాకా ఒకటే గీత గీశాడు. మరి మనం చెప్పేది ఆయనకు అర్థమవుతోందా అని ఆమె అడిగితే, "చాలావరకు అవుతుందనే అనుకుంటున్నాం" అన్నాడు డాక్టరు. ఆ 'అనుకుంటున్నాం' దగ్గర ఆమె ప్రాణం చిక్కుకుపోయింది.

ఆమె తమ్ముడు ఎలక్ట్రీషియను. ఎంత కష్టంలోనైనా బావను ఆటపట్టించకుండా ఉండలేని మనిషి. మంచం పక్కన కూర్చుని, "డిక్షనరీ మొత్తం పోయి ఇదే మిగిలిందా బావా? 'సరే' మిగిలుంటే మా అక్క ప్రాణం హాయిగా ఉండేది కదా" అన్నాడు.

"వద్దు" అన్నాడు బీచాయన. ముఖం ఎడమ సగం నవ్వింది.

ఇంటికొచ్చాక ఆమె ఆ మాటను కొలవడం మొదలుపెట్టింది. చివర సాగదీసి "వద్దూ" అంటే అవును. కత్తిరించినట్టు "వద్ద్" అంటే కాదు. "వద్దొద్దు" అంటే దురద పెడుతోందనో, పక్క తడిసిందనో, ఏదో ఒక ఇబ్బంది. కొన్నాళ్ళకు వంటింట్లోంచే జవాబులు చెప్పేయసాగింది. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "వద్దూ" అనేవాడు, సరిపోయిందట. టీవీ ఆపెయ్యనా అంటే "వద్ద్" అనేవాడు, ఆపొద్దట. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని ప్రశ్న అడిగి ఆమె ముఖం వైపు చూసేవారు. వీధి సంఘం వాళ్ళు చందాకు వచ్చినప్పుడు ఆయన "వద్దు" అంటే, "ఇది మాత్రం నిజం వద్దేనండీ, దీనికి నా అవసరం లేదు" అని వాళ్ళను నవ్వించి పంపింది.

ఇంటికొచ్చే మంగలి ఒకరోజు, "మీసం కూడా తీసెయ్యమంటారా సార్? అన్నం తినేటప్పుడు అంటుకుంటోంది కదా" అన్నాడు. "వద్దు" అన్నాడు ఆయన. "తీసెయ్యమంటున్నారు" అంది ఆమె, మిషను మీంచి తలెత్తకుండా. పెళ్ళినాటి నుంచీ ఉన్న మీసం అలా పోయింది. అద్దం చూపిస్తే "వద్దు" అన్నాడు. బాగుందంటున్నారు అంది. స్కూటరు తమ్ముడికి ఇచ్చెయ్యనా అని అడిగింది, ఇచ్చేసింది. కాలికి వ్యాయామాలు చేయించే అమ్మాయిని మానిపించనా అని అడిగింది, మానిపించేసింది. మంచం కిటికీ దగ్గర్నుంచి గోడవారకు మార్చింది. ప్రతిదానికీ అడిగే చేసింది. అడక్కుండా ఏదీ చెయ్యలేదని అందరితో చెప్పేది, అది నిజం కూడా.

ఇలా ఉండగా మెడలో రక్తనాళం ఒకటి సన్నబడిందని పరీక్షల్లో తేలింది. ఆపరేషన్ చేసి శుభ్రం చెయ్యాలి. చేస్తే టేబుల్ మీదే ప్రమాదం జరగొచ్చు. చెయ్యకపోతే ఇంకోసారి పక్షవాతం రావొచ్చు, ఈసారి వస్తే మనిషి దక్కకపోవచ్చు. డాక్టరు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా నెమ్మదిగా చెప్పాడు. చివర ఆయన వైపు వంగి అడిగాడు.

"చేయించుకుంటారా?"

"వద్దు."

"ఒప్పుకుంటున్నారు" అంది ఆమె.

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "అమ్మా, నాకు వినపడింది వద్దనే. శరీరం ఆయనది. ఆయన ఒప్పుకున్నారని మీరంటున్నారు కాబట్టి మీ మాట మీద వెళ్తున్నాను. బాగా ఆలోచించారా?"

"ఆయన మాట నాకు తెలుసండీ" అంది.

సోమవారం చేర్చుకుంటామన్నారు. ఇంటికొచ్చి ఆయనకు అన్నం తినిపిస్తుంటే ఆమెకు భయం పట్టుకుంది. జరగరానిది జరిగితే, రిటైరయ్యాక అని దాచిపెట్టుకున్న కోరిక ఒక్కటీ తీరకుండానే పోతాడు.

"ఏమండీ, ఆపరేషన్‌కి ముందు బీచి చూసొద్దామా?"

"వద్దూ."

ఇంత సాగిన వద్దును ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు తెలిసినవాళ్ళ వ్యాను అడిగి తెచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీకి రెండుపక్కలా ఇనప పైపులు పెట్టి వైరుతో బిగించి కట్టాడు, పల్లకీలాగా ఇద్దరు మోయడానికి. ఆమె పాత యూనిఫారం గుడ్డతో నడుముకు బెల్టు కుట్టింది. ఆయన చొక్కాలకు ఎప్పుడో గుండీలు తీసేసి, ఒక చేత్తో పెట్టుకునేలా అతుక్కునే పట్టీలు కుట్టి ఉంచింది. అందులో మంచిది తొడిగింది.

వ్యాను కొండెక్కుతుంటే తమ్ముడికి హుషారొచ్చింది. "ఇన్నేళ్ళూ ఊరందర్నీ నువ్వు దింపావు, ఇవాళ నేను నిన్ను దింపుతున్నా. టిక్కెట్టు తీసుకున్నావా బావా?"

"వద్దు."

"చూశావా అక్కా, స్టాఫట! ఫ్రీగానే ఎక్కుతాట్ట!"

మలుపు వచ్చిన ప్రతిసారీ ఆయన ఎడమకాలు వ్యాను అడుగును నొక్కుతోంది. లేని బ్రేకు కోసమని ఆమెకు తెలుసు. అది తెలియడానికి మాట అక్కర్లేదు.

గేటు దగ్గర కొబ్బరి బోండాలాయన ఇంకా ఉన్నాడు. బస్సు ఆగిన ప్రతి ట్రిప్పులోనూ డ్రైవరుకు బోండాం కొట్టిచ్చిన మనిషి. జుట్టు నెరిసింది కానీ కత్తి పట్టు అలాగే ఉంది. వ్యానులో ఉన్న మనిషిని గుర్తుపట్టి కత్తి పక్కన పడేసి వచ్చాడు.

"డ్రైవరూ! ఏంటయ్యా ఇది? మీసమేదీ?"

"వద్దు" అన్నాడు బీచాయన.

జరిగింది విని బోండాలాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కుర్చీ వెనకవైపు తను పట్టుకుంటానని తనే ముందుకొచ్చాడు. గేటులో ఉన్న గార్డు బీచాయన కూతురి వయసు అమ్మాయి. నడవలేని మనిషిని లోపలికి పంపొచ్చా లేదా అని కాసేపు తటపటాయించింది. చివరికి, "సాయంత్రం నేను ఈల వేసేసరికి కదిలిపోవాలి ఆంటీ. ఆ తర్వాత పోటు వస్తుంది, నీళ్ళు మెట్ల దాకా ఎక్కేస్తాయి. మెట్ల దగ్గర ఆగిపోతే నేనేం చెయ్యలేను" అంది.

అడవి దారి చల్లగా, చీకటిగా ఉంది. వేర్లు దారికి అడ్డంగా పాకాయి. తమ్ముడు ముందు, బోండాలాయన వెనక, మధ్యలో కుర్చీ. ఆమె పక్కన కుర్చీ చెయ్యి పట్టుకుని నడిచింది. కొంత దూరం పోయాక ఆయన "వద్దు" అన్నాడు. బోండాలాయన టక్కున ఆగిపోయాడు. కుర్చీ ఊగింది.

"ఆగావేంటన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఆయన వద్దంటున్నాడు కదయ్యా."

"అది వద్దు కాదండీ" అంది ఆమె. "చివర సాగదీశారు చూడండి, వద్దూ అని. పదండి అని అర్థం."

"వద్దంటే పదండా? ఈ భాష నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందమ్మా?"

"నేనింకా ఒకటో క్లాసులోనే ఉన్నా" అన్నాడు తమ్ముడు. "అక్క అయితే హెడ్మాస్టరు."

బోండాలాయనకు ఇది ఆటలా తోచింది. నాలుగడుగులకోసారి ఏదో ఒకటి అడగసాగాడు. "డ్రైవరూ, నా బోండాలు బాగుండేవా?" వద్దూ. "అమ్మా, బాగుండేవన్నట్టేనా?" అవునండీ. "పక్క కొట్టోడివి బాగుండేవా?" వద్దు. "అదీ! అవి బాగుండవనే ఇన్నేళ్ళూ నేనూ మొత్తుకున్నా!" అందరూ నవ్వారు. బీచాయన కూడా నవ్వాడు. ఆమె మనసు తేలికపడింది. ఆయన మాట ఆమె ఇంట్లోంచి బయటికొచ్చి ఇంకో మనిషికి కూడా అర్థమవుతోంది.

దారి మధ్యలో ఒక చెక్కబల్ల ఉంది. కుర్చీ దించి ఊపిరి తీసుకున్నారు. బోండాలాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మొత్తానికి ఇన్నాళ్ళకు కుదిరిందన్నమాట. ఎన్నిసార్లు పిలిచానయ్యా నిన్ను! ఒకసారి నీ బస్సు చెడిపోయింది గుర్తుందా? పొద్దున చెడితే మెకానిక్కు సాయంత్రానికి గానీ రాలేదు. కండక్టరు పోయి ఈత కొట్టి వచ్చాడు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. వద్దన్నావు. సీటు మీద కాళ్ళు చాపుకుని పడుకున్నావు."

"టైముండేది కాదనేవారు" అంది ఆమె.

"టైమా? వానలకి కొండదారి మూసుకుపోయినప్పుడల్లా ఇక్కడే కదమ్మా ఉండిపోయేవాడు! పోనీ నీళ్ళంటే భయమా అని అడిగా. నవ్వేవాడు. అదేమో మరి, వద్దంటే వద్దే. అప్పుడు నోరు బాగానే ఉంది కాబట్టి నాకు బాగా అర్థమైంది." తన జోకుకు తనే నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. "అప్పటి మాట అప్పటిదిలేమ్మా. ఇప్పుడు చూడాలనిపించి ఉంటుంది."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఎదురుగా ఉన్న చెట్టు కాండాన్ని చూస్తున్నాడు. తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలిసినట్టు లేదు, తెలియనట్టు కూడా లేదు.

బీచి చూడాలన్న కోరిక ఎవరిది? ఎప్పుడు తీసుకెళ్తారని అన్నేళ్ళు అడిగింది తనే. తర్వాత చూద్దాంలే అని తప్పించుకుంది ఆయన. తప్పించుకుంటున్నాడని కూడా అప్పుడు తెలియలేదు. ఇలా ఒక్కసారిగా తోచేసరికి ఆమె లేచి నిలబడింది. కూర్చుని ఆలోచించే ధైర్యం లేకపోయింది.

"పదండి, మళ్ళీ ఈల వేసేస్తారు" అంది.

అడవి అయిపోయి మెట్ల తల దగ్గరికి రాగానే సముద్రం మొత్తం ఒకేసారి కనిపించింది. లేత ఆకుపచ్చ నీళ్ళు, ఎడమపక్క నల్లరాళ్ళు. ఆయన వీధిలో చెప్పినట్టే ఉంది. సెలవులు కావు కాబట్టి మనిషి అలికిడి లేదు. కుర్చీలో ఆయన ఒళ్ళు బిగుసుకుంది. ఎడమచెయ్యి కుర్చీని పట్టుకుంది.

"వద్దు" అన్నాడు.

సాగిందా, తెగిందా? కెరటం అప్పుడే విరిగి ఆ మాట చివర మింగేసింది. మోసేవాళ్ళిద్దరూ ఆగి ఆమె వైపు చూశారు. వాళ్ళ భుజాలు ఒరుసుకుపోతున్నాయి. ముందుకు పోవాలా వెనక్కి పోవాలా తేల్చాల్సింది ఆమే.

"పదండి" అంది.

ఇసుకలో, చెట్ల నీడ ఆగిపోయే చోట కుర్చీ దించారు. తమ్ముడు చొక్కా విప్పి నీళ్ళలోకి పరిగెత్తాడు. బోండాలాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి అంచున నిలబడ్డాడు. ఆమె ఇసుకలో కూర్చుంది. తను కూడా జీవితంలో మొదటిసారి చూస్తున్న సముద్రం అది. కానీ కళ్ళు దాని మీద నిలవలేదు. ఆయన ముఖాన్నే చూస్తోంది. కుడికంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి అది ఏడుపని అనుకోవడానికి లేదు.

"బాగుందా అండీ?"

"వద్దు."

ఆమె మోకాళ్ళ మీద జరిగి ఆయన ఎదురుగా వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఒక స్కూలు వాళ్ళు బట్టలన్నీ తిప్పి పంపేశారు, అన్నీ వదులైపోయాయని. కొలతలు మళ్ళీ చూసుకుంది, కత్తిరింపు చూసుకుంది, తప్పు దొరకలేదు. చివరికి ఇంకో టేపు పక్కన పెడితే తెలిసింది, వాడీ వాడీ పాత టేపే సాగిపోయిందని. టేపు తప్పయితే ఎంత జాగ్రత్తగా కొలిచినా తప్పే వస్తుంది, పైగా అన్నీ ఒకేలా తప్పు వస్తాయి కాబట్టి అనుమానం కూడా రాదు. ఆ రోజు చేసిన పనే ఇప్పుడూ చేద్దామనుకుంది. జవాబు తెలిసిన ప్రశ్నలు పక్కన పెట్టి చూడాలి.

"నేను మీ భార్యనేనా?"

"వద్దు."

"మీరు ప్లీడరా?"

"వద్దు."

"బస్సు తోలేవారా?"

"వద్దు."

"మనం ఆకాశంలో ఉంటామా?"

"వద్దు."

చెవి దగ్గరగా పెట్టి విన్నది. నాలుగూ ఒకలాగే ఉన్నాయి. సాగితే నాలుగూ సాగాయి, తెగితే నాలుగూ తెగాయి. తను అవును కోసం వింటే సాగినట్టుంది, కాదు కోసం వింటే తెగినట్టుంది. ఆయన మాత్రం ఆమెనే చూస్తున్నాడు, ఓపిగ్గా, ఈ ఆట ఎందుకు ఆడుతోందో అర్థం కానట్టు. లేకపోతే ఇన్నాళ్ళకు అర్థమైందా అన్నట్టు. రెంటిలో ఏదో చెప్పగల ముఖం కాదది, సగం ముఖమే పనిచేస్తుంది.

"మీసం తీసెయ్యమన్నారా మీరు?" అని అడిగింది.

"వద్దు."

"ఆ వ్యాయామాల అమ్మాయిని మానిపించమన్నారా?"

"వద్దు."

కిటికీ దగ్గరి మంచం సంగతి అడగలేదు. మంచం మార్చింది తన మిషనుకు వెలుతురు కోసం. అప్పుడు కూడా అడిగింది, ఆయన వద్దూ అన్నాడనే అనుకుంది.

ఆమె ఆయన ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆపరేషన్ సంగతి చెప్పండి. డాక్టరు చెప్పినదంతా విన్నారు కదా. చేయించుకుంటానంటే నా చెయ్యి నొక్కండి. లేకపోతే వదిలెయ్యండి."

ఆయన చెయ్యి నొక్కాడు. ఆమె వెంటనే, "చేయించుకోనంటే నొక్కండి" అంది. మళ్ళీ నొక్కాడు, అంతే గట్టిగా. తర్వాత ఏమీ అడక్కపోయినా నొక్కుతూనే ఉన్నాడు. ఆమె చేతిని పట్టుకుంటున్నాడో, జవాబు చెప్తున్నాడో, చెయ్యి దానంతటదే బిగుసుకుంటోందో.

డాక్టరుతో ఆయన మాట నాకు తెలుసు అంది. ఆ మాట మీదే ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి మెడ కోస్తారు. ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే అది మాత్రం ఎవరి మాట అవుతుంది? చేయించినా తన మాటే, మానేసినా తన మాటే. మధ్యలో ఆయన మాట పెట్టడానికి చోటెక్కడా కనిపించలేదు.

మెట్ల పైనుంచి ఈల వినిపించింది. గార్డు అమ్మాయి చకచకా దిగి వచ్చింది. కెరటాలు ఇందాకటికంటే దగ్గరగా విరుగుతున్నాయి.

"ఆంటీ, ఇక లేవాలి."

ఆమె కదల్లేదు.

"ఏమంటున్నారు అంకుల్? ఇంకాసేపు ఉంటామంటున్నారా?"

"తెలీదమ్మా" అంది ఆమె.

తల తుడుచుకుంటూ వచ్చిన తమ్ముడు అక్క వైపు వింతగా చూశాడు. "తెలీదంటావేంటి? నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ముగ్గురూ ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు. గార్డు అమ్మాయి నీళ్ళ వైపు, మెట్ల వైపు చూస్తోంది. ఒక కెరటం బాగా పైకి పాకి కుర్చీ ముందు కాళ్ళను, ఆయన చెప్పుల్ని తడిపి వెనక్కి పోయింది. కాళ్ళ కింద ఇసుక జారి కుర్చీ ఒక పక్కకు కుంగింది. ఇక ఆగడానికి లేదు.

"ఎత్తండి" అంది.

"వద్దు" అన్నాడు బీచాయన.

"అదిగో, పదమంటున్నాడు" అన్నాడు బోండాలాయన, పైపు భుజానికెత్తుకుంటూ. పాఠం వచ్చేసిన సంబరం ఉంది ఆయన గొంతులో. "సాగదీశాడు, విన్నావా?"

"విన్నా విన్నా" అన్నాడు తమ్ముడు.

ఆమె నోరు తెరిచింది. అవునని చెప్పలేకపోయింది, కాదని చెప్పలేకపోయింది. కుర్చీ లేచింది.

కుర్చీని తిప్పే వ్యవధి లేక, నడుము బెల్టు ఆసరాతో, సముద్రం వైపు ముఖంతో అలాగే మెట్లు ఎక్కించాల్సి వచ్చింది. అందువల్ల ఎక్కినంతసేపూ ఆయన ముఖం ఆమె వైపే ఉంది. ఆమె కింది మెట్టు మీద నుంచి కుర్చీ అడుగున చెయ్యి ఆనించి ఎక్కుతోంది. ఆయన చూస్తున్నది తననో, తన వెనకున్న సముద్రాన్నో ఆమెకు తెలియలేదు. ఒకసారి పక్కకు జరిగి చూద్దామనుకుంది, మెట్లు ఇరుకు.

పైనుంచి తమ్ముడు రొప్పుతూ అడిగాడు. "అక్కా, సోమవారం ఆస్పత్రికి కూడా ఈ వ్యానే అడిగి ఉంచనా?"

ఆమె ఆయన కళ్ళలోకే చూస్తూ, "వద్దు" అంది.

తమ్ముడు పగలబడి నవ్వాడు. "నువ్వు కూడా మొదలెట్టావా? అంటే అడగమనే కదా!"

బోండాలాయన కూడా నవ్వాడు. కుర్చీ వాళ్ళ నవ్వుకు ఊగింది. గార్డు అమ్మాయి పైనుంచి, తర్వాతి మెట్టు విరిగి ఉంది, చూసుకోండి అని కేకేసింది. అందరూ మాటలు ఆపి కాళ్ళ వైపు చూసుకున్నారు. ఆమె రెండో చెయ్యి కూడా కుర్చీకి ఆనించి పైకి తోసింది.